ఊపిరి పీల్చనీయని నొప్పి

చేయి విరిగితే కట్టు కట్టి మెడకు వ్రేలాడదీస్తారు. కాలు విరిగితే మంచాన పడుకోబెట్టి కదలనివ్వరు. దెబ్బ తగిలిన అవయవానికి విశ్రాంతి ఇవ్వాలన్నది వైద్యంలో తొలిపాఠం. రొమ్ము విషయంలో మాత్రం ఈ పాఠం సాగదు. ఊపిరితిత్తిలోని కంతిని తొలగించడానికి ప్రక్కటెముకల నడుమ కోసి, పని ముగించి కుట్లు వేసిన క్షణం నుంచీ ఆ గాయం కదులుతూనే ఉంటుంది. మనిషి ఒక అహోరాత్రంలో 21,600 పర్యాయాలు శ్వాసిస్తాడని మన యోగులు లెక్కకట్టారు. నిమిషానికి 15 చొప్పున గుణించి చూస్తే సరిగ్గా ఆ సంఖ్యే వస్తుంది. రొమ్ము కోసిన రోగికి అన్నిసార్లూ గాయం లాగుతుంది.

ఇది కేవలం ఓర్చుకోవలసిన బాధ అయితే కథ ఇంతటితో ముగిసేది. నొప్పికి జడిసి రోగి పైపైన ఊపిరి పీలుస్తాడు. దగ్గు వస్తున్నా బిగబట్టుకుంటాడు. దగ్గకపోతే శ్వాసనాళాలలో ఊరే కఫం అక్కడే నిలిచిపోతుంది. కఫం అడ్డుపడిన చోట ఆవలి భాగానికి గాలి అందక ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది; ముడుచుకుపోయిన భాగంలో సూక్ష్మజీవులు చేరి న్యుమోనియా పుడుతుంది. శస్త్రచికిత్స చక్కగా జరిగినా రోగి నాలుగైదు రోజుల తరువాత ప్రాణాపాయంలో పడటానికి ఇది ఒక ముఖ్య కారణం. శస్త్రచికిత్స తరువాత ఊపిరితిత్తి భాగాలు ఇలా ముడుచుకుపోవటాన్ని 1910లో లండను వైద్యుడు విలియం పాశ్చర్ వివరించాడు. (పిచ్చికుక్క కాటుకు చికిత్స కనిపెట్టిన లూయీ పాశ్చర్ వేరు.) ఆయన చూసిన రోగులు ఉదరానికి శస్త్రచికిత్స జరిగినవారు. శ్వాసను లోపలికి తీసుకునే బలం తగ్గటమే ఇందుకు మూలమని ఆయన తలచాడు. పొట్ట కోస్తేనే ఇట్లా ఉంటే, రొమ్మే కోస్తే ఎట్లా ఉంటుందో ఊహించవచ్చు.

నొప్పికి మందు లేకపోలేదు. నల్లమందు నుంచి తీసిన మార్ఫిను పందొమ్మిదవ శతాబ్ది ఆరంభం నుంచీ ఉన్నది. కాని మార్ఫిను మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది, దగ్గును అణచివేస్తుంది. నొప్పి తగ్గించటానికి ఇచ్చిన మందు, నొప్పి చేసే పనినే మరో దారిన చేస్తుంది. తక్కువ ఇస్తే రోగి నొప్పివల్ల ఊపిరి పీల్చడు. ఎక్కువ ఇస్తే మత్తువల్ల పీల్చడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మనిషిని మొత్తంగా మత్తులో ముంచకుండా, గాయం నుంచి వచ్చే వార్తను మాత్రం దారిలో ఆపగలిగితే? రొమ్ము శస్త్రచికిత్సలో నాడీ నిరోధం కథ ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

వార్త ఏ దారిన వెళుతుందో ముందు చూడాలి. వెన్నుపాము నుంచి రొమ్ము భాగంలో 12 జతల నాడులు బయలుదేరుతాయి. ఒక్కొక్క నాడి రెండు వెన్నుపూసల నడుమ ఉన్న రంధ్రం గుండా వెలికి వచ్చి, వెన్నెముక ప్రక్కనే ముక్కోణపు సందు ఒకదానిలో ప్రవేశిస్తుంది. అక్కడినుంచి ప్రక్కటెముక క్రింది అంచున గాడి వెంట ముందుకు సాగుతుంది. గాడిలో పైన సిర, దాని క్రింద ధమని, అన్నిటికంటె క్రింద నాడి ఉంటాయి. ఆ మూడింటికీ లోపలి వైపు, వ్రేలి మందం కూడా లేని దూరంలో, ఊపిరితిత్తిని ఆవరించిన పలుచని పొర ఉన్నది. తంతి తీగను ఊళ్ళో తెంపినా, పొలిమేరలో తెంపినా, పట్నంలోని తంతి కార్యాలయం గుమ్మంలో తెంపినా వార్త ఆగుతుంది. అలాగే ఈ నాడిని ప్రక్కటెముక వద్దనైనా, వెన్నెముక ప్రక్క సందులోనైనా, వెన్నుపాము వాకిట్లోనైనా ఆపవచ్చు. ఎక్కడ ఆపితే మేలన్న విషయంపై నూరేళ్ళకు పైగా వాదం నడిచింది. మరొక చిక్కు కూడా ఉన్నది: రొమ్ము మీది ప్రతి చర్మపు పట్టీకీ పై నాడి నుంచీ క్రింది నాడి నుంచీ కూడా కొంత సాయం అందుతుంది. కనుక ఒక్క నాడిని ఆపితే చాలదు. వరుసగా నాలుగైదింటిని ఆపాలి.

నాడిని ఆపే మందు దక్షిణ అమెరికా పర్వతాలలో పెరిగే కోకా ఆకుల నుంచి వచ్చింది. 1860లో జర్మనీలోని గాటింగెన్‌లో ఆల్బర్ట్ నీమాన్ అనే యువ రసాయనికుడు ఆ ఆకుల సారాన్ని వేరుచేసి కొకెయిన్ అని పేరు పెట్టాడు. నాలుకపై వేసుకుంటే మొద్దుబారుతుందని కూడా వ్రాశాడు. అయినా ఆ మొద్దుబారటాన్ని వైద్యంలో వినియోగించడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కొకెయిన్ ద్రావణాన్ని కప్ప కంటిలోను, కుందేలు కంటిలోను, చివరకు తన కంటిలోను వేసి చూశాడు. గుండుసూది మొనతో నల్లగ్రుడ్డును తాకినా తెలియలేదు. సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో జరిగిన నేత్రవైద్యుల సభకు వెళ్ళటానికి ఆయన వద్ద దారిఖర్చులు లేకపోయాయి. ఆయన వ్యాసాన్ని మరొక వైద్యుడు సభలో చదివాడు. ఆ సంవత్సరం ముగియక ముందే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్, రిచర్డ్ హాల్ అనే శస్త్రవైద్యులు మరో అడుగు ముందుకు వేశారు. మందును కోయవలసిన చోట కాక, ఆ చోటికి వెళ్ళే నాడి మొదట్లో సూదితో ఎక్కించారు. నాడి ఆవల ఉన్న భాగమంతా మొద్దుబారింది. నాడీ నిరోధం అనే పద్ధతికి అదే పునాది. ప్రయోగాలు తమ శరీరాల మీదనే చేసుకోవటంతో కొకెయిన్ వారికి వ్యసనమై పట్టుకున్నది. హాల్‌స్టెడ్ తరువాత అమెరికాలో శస్త్రవైద్యానికి గురుపీఠం వంటివాడైనాడు గాని, మాదకద్రవ్యాల బానిసత్వం మాత్రం ఆయనను జీవితాంతం వదలలేదు.

మనిషిని పూర్తిగా స్పృహ తప్పించే పద్ధతి అప్పటికే ఉన్నా, దానికి భయం తోడుగా ఉండేది. క్లోరోఫారం పీల్చిన రోగులలో కొందరు బల్లమీదనే హఠాత్తుగా మరణించేవారు. అది మొదట ఆపేది శ్వాసనా, గుండెనా అన్న వివాదం మన హైదరాబాదు దాకా వచ్చింది. నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం కమిషన్లు ఇక్కడ జంతువులపై ప్రయోగాలు చేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పక్షం మొదట ఆగేది శ్వాసే కనుక శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునన్నది. గుండె కూడా ముందుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మాన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు చూపించాయి. లారీ వాదం పూర్తిగా నిలువలేదు గాని, రోగి ఊపిరిపై కన్ను వేసి ఉంచాలన్న హెచ్చరిక వృథా పోలేదు.

కొకెయిన్ విషప్రభావం తగ్గితే తప్ప నాలుగైదు నాడులను ఒకేసారి నిరోధించడం సాధ్యం కాదు. ఆ అడ్డంకి రెండు పనులతో తొలగింది. జర్మనీలో హైన్రిక్ బ్రౌన్ 1903లో మందుకు కొద్దిగా అడ్రినలిన్ కలిపి, రక్తనాళాలు ముడుచుకొనేటట్లు చేసి, మందు చాలసేపు అక్కడే నిలిచేటట్లు చూశాడు. 1904లో ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ ప్రొకెయిన్ తయారుచేశాడు. నోవొకెయిన్ అన్న పేరుతో మరుసటి ఏడే అది వాడుకలోకి వచ్చింది. ఆ 1905లోనే హ్యూగో సెల్‌హైమ్ అనే జర్మను వైద్యుడు వెన్నెముక ప్రక్కనున్న ముక్కోణపు సందులో మందు ఎక్కించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆయన స్త్రీల వ్యాధుల వైద్యుడు; ఆయన దృష్టి ఉదరం మీదనే గాని రొమ్ము మీద లేదు. తరువాత ఆర్థర్ లావెన్, మాక్స్ కాపిస్ అనేవారు ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు.

ఇంతలో రొమ్ము తెరవటమనే సాహసానికి కూడా దారి ఏర్పడుతున్నది. రొమ్ము గోడకు రంధ్రం పడగానే ఊపిరితిత్తి గాలి తీసిన బెలూనులా ముడుచుకుపోతుంది. 1904లో బ్రెస్లావ్‌లో ఫెర్డినాండ్ సావర్‌బ్రుక్ ఇందుకు ఒక విచిత్రమైన ఉపాయం చేశాడు. గాలి పీడనాన్ని వెలుపలి కంటె కొంచెం తగ్గించిన గదిలో రోగి శరీరాన్ని, శస్త్రవైద్యులను ఉంచి, రోగి తలను మాత్రం రబ్బరు పట్టీ గుండా గది వెలుపల ఉంచాడు. తల వైపు పీడనం ఎక్కువ కావటం వల్ల ఊపిరితిత్తి ముడుచుకోలేదు.

ఆ యుగంలో రొమ్ముకు శస్త్రం ఎక్కువగా పట్టించినది క్షయ. మందులు లేని రోజులవి. మదనపల్లె దగ్గర 1915లో ఏర్పడిన ఆరోగ్యవరం వంటి చికిత్సాలయాలలో విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారమే ప్రధాన ఔషధాలు. అవి చాలనిచోట ఐరోపాలో శస్త్రవైద్యులు కొన్ని ప్రక్కటెముకలను తీసివేసి, పుండు పడిన ఊపిరితిత్తిని అణచివేసేవారు. ఈ పనిని చాల సందర్భాలలో రోగిని మేలుకొని ఉంచి నోవొకెయినుతోనే చేసేవారు. కారణం గమనించదగినది. గాఢమైన మత్తులో రోగి దగ్గలేడు. జబ్బు ఊపిరితిత్తిలోని కఫం పొంగి మంచిదానిలోకి పారుతుంది. దగ్గగల రోగే బ్రతికే రోగి అని వారు అనుభవంలో తెలుసుకున్నారు.

ఆ అనుభవం తరువాతి తరంలో మరుగున పడింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇంగ్లండులో మాగిల్, రౌబోథమ్ అనే వైద్యులు శ్వాసనాళంలోకి గొట్టం దింపి మత్తువాయువు ఇచ్చే పద్ధతిని తీర్చిదిద్దారు. సావర్‌బ్రుక్ గది అవసరం తీరిపోయింది. గొట్టం గుండా గాలి ఊదితే ఊపిరితిత్తి తెరుచుకొనే ఉంటుంది. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ కండరాలను సడలించే క్యురారేను శస్త్రచికిత్సలో వాడాడు. రోగి కదలడు, దగ్గడు, ఎదిరించడు. శస్త్రవైద్యునికి గంటల తరబడి తీరిక దొరికింది. ఇంత సుఖం చేతికి అందాక ప్రక్కటెముకల వెంట సూదులు గ్రుచ్చే శ్రమ ఎవరికి కావాలి? సెల్‌హైమ్ పద్ధతి వాడుక తగ్గి పుస్తకాలలో మిగిలిపోయింది. ఇక్కడ ఒక పొరపాటు జరిగిందని ఒప్పుకోవాలి. మత్తు శస్త్రచికిత్సతో ముగుస్తుంది. రోగి నొప్పి అప్పుడే మొదలవుతుంది. కోసే వేళకు మత్తు చాలును కనుక నాడీ నిరోధం అనవసరమనుకున్నవారు, ఆ తరువాతి మూడు రోజులను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ మూడు రోజులకు తొలి ఉపాయం ప్రక్కటెముక వద్ద నిరోధమే. కుట్లు వేయక ముందే, లోపలినుంచి కనబడుతున్న నాలుగైదు నాడుల వద్ద శస్త్రవైద్యుడు మందు ఎక్కించవచ్చు. ఇది సులభం, ఫలితం వెంటనే కనిపిస్తుంది. కాని కొన్ని గంటలకే మందు దిగిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే వెలుపలినుంచి నాలుగైదు గాట్లు. ప్రతి గాటుకూ సూది లోపలి పొరను చీల్చుతుందేమోనన్న బెదురు. పైగా నాడిని ఆనుకొనే రక్తనాళాలు ఉండటం వల్ల మందు రక్తంలోకి వేగంగా చేరుతుంది.

వెన్నుపాము వాకిలి వద్ద కథ మరొక విధంగా నడిచింది. వెన్నుపామును కప్పిన దట్టమైన పొరకు వెలుపల, వెన్నుపూసల లోపల, సన్నని ఖాళీ ఒకటి ఉన్నది. దానినే ఎపిడ్యూరల్ ప్రదేశమంటారు. 1921లో స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిడెల్ పాహెస్ నడుము వద్ద ఆ ఖాళీలో మందు ఎక్కించి శస్త్రచికిత్సలు చేసి, వివరాలు స్పానిష్ భాషలో ప్రకటించాడు. రెండేళ్ళకే, 1923లో, మోటారు ప్రమాదంలో మరణించటంతో ఆయన పని స్పెయిన్ వెలుపల అంతగా తెలియలేదు. 1930 ప్రాంతాల ఇటలీలో దొగ్లియొత్తి అదే మార్గాన్ని స్వతంత్రంగా పట్టుకొని ప్రపంచానికి పరిచయం చేశాడు. సూదికి పిచికారీ తగిలించి మెల్లగా నెట్టుతూ ఉంటే వెన్నుపూసల నడుమనున్న గట్టి బంధకం అడ్డుకుంటుంది. సూది మొన ఆ బంధకాన్ని దాటగానే అడ్డు హఠాత్తుగా మాయమై, పిచికారీ దానంతట అదే పోయినట్లు లోపలికి పోతుంది. కన్ను చూడలేని చోట చేతికి తెలిసే ఈ గుర్తుపై వైద్యులు నేటికీ ఆధారపడుతున్నారు.

మందు ఎంతసేపు పనిచేస్తుందన్న చిక్కు 1940లలో విడిపోయింది. హవానాలో మార్టినెజ్ కుర్బెలో 1947లో సూది గుండా సన్నని గొట్టాన్ని ఎపిడ్యూరల్ ప్రదేశంలోకి జారవిడిచి, సూదిని తీసివేశాడు. ఇక గ్రుచ్చవలసినది ఒక్కసారే. తరువాత ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు గొట్టం గుండా మందు పంపవచ్చు. మందులు కూడా మెరుగుపడ్డాయి. స్టాక్‌హోమ్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ 1943లో లిడొకెయిన్ తయారుచేశారు. దానిని లుండ్‌క్విస్ట్ తన శరీరం మీదనే పరీక్షించుకున్నాడు. స్వీడన్‌లోనే 1957లో తయారైన బ్యుపివకెయిన్ ఇంకా ఎక్కువ గంటలు పనిచేసింది. 1979లో జెరూసలేం వైద్యులు ఎపిడ్యూరల్ గొట్టం గుండా కొద్దిపాటి మార్ఫిను ఇచ్చి, వెన్నుపాము వద్దనే నొప్పి అణగటం చూశారు. రొమ్ము శస్త్రచికిత్సలకు ఎపిడ్యూరల్ శ్రేష్ఠమన్న పేరు స్థిరపడింది.

ఆ పేరు న్యాయమైనదే. రోగి లేచి కూర్చుని గట్టిగా దగ్గగలిగాడు. అయితే వాకిలి వద్ద నిలిచినవాడు వచ్చేవారిని, పోయేవారిని, కుడివైపు వారిని, ఎడమవైపు వారిని అందరినీ ఆపుతాడు. గాయం ఒక్క ప్రక్కనే ఉన్నా మందు రెండు ప్రక్కలా పనిచేస్తుంది. రక్తనాళాలను బిగించి ఉంచే నాడులు కూడా నిద్రపోతాయి. రక్తపు పోటు పడిపోతుంది. మూత్రం నిలిచిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్న రోగిలో సూది ఏ సిరనైనా గీరితే, ఎముకల ఇరుకులో రక్తం నిండి వెన్నుపామును నొక్కవచ్చు. ఇది అరుదు, కాని జరిగితే కాళ్ళు చచ్చుపడతాయి.

అందుకే చూపు మళ్ళీ ఆ ముక్కోణపు సందు మీద పడింది. 1979లో ఇంగ్లండులో ఈసన్, వయాట్ అనే ఇద్దరు మత్తువైద్యులు మరచిపోయిన సెల్‌హైమ్ పద్ధతిని పునఃపరిశీలించి, అక్కడ కూడా సన్నని గొట్టం ఉంచవచ్చునని వ్రాశారు. ఈ సందుకు ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. ఒకచోట ఎక్కించిన మందు పైకీ క్రిందికీ ప్రాకి వరుసగా కొన్ని నాడులను ముంచుతుంది. చాలవరకు గాయమున్న ప్రక్కనే ఉండిపోతుంది. రెండవ ప్రక్క నాడులు మేలుకొని ఉంటాయి కనుక రక్తపు పోటు అంతగా పడదు. 1980లలో బ్రాడ్‌ఫర్డ్‌లో సబనాథన్, ఆయన సహచరులు మరింత సూటిగా వెళ్ళారు. రొమ్ము తెరిచి ఉన్నప్పుడే శస్త్రవైద్యుడు లోపలి పొరను కొంచెం వెనుకకు తొలిచి, కంటితో చూస్తూ గొట్టాన్ని నాడుల ప్రక్కన పరిచి, తరువాత కుట్లు వేసేవాడు. చీకట్లో సూదితో వెదకులాట తప్పింది.

రెండింటిలో ఏది మేలన్న వాదాన్ని లెక్కలతో తేల్చటానికి 2006లో డేవిస్, మైల్స్, గ్రాహమ్ అనేవారు అంతవరకు జరిగిన 10 పరీక్షలను, వాటిలోని 520 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. నొప్పి తగ్గించటంలో రెండూ సమానంగానే ఉన్నాయి. ఊపిరితిత్తుల చిక్కులు, రక్తపు పోటు పడటం, మూత్రం నిలవటం, వాంతులు వెన్నెముక ప్రక్క నిరోధంలో తక్కువగా కనిపించాయి. ఆ పరీక్షలన్నీ చిన్నవేనన్న మాట నిజమే. అయినా, 1905లో తెలిసిన చోటు అంత చెడ్డది కాదని తేలటానికి నూరేళ్ళు పట్టడం వైద్యచరిత్రలో వింతలలో ఒకటి.

మందు రక్తంలోకి పొరపాటున చేరితే కలిగే విపత్తుకు కూడా ఇదే కాలంలో విరుగుడు దొరికింది. బ్యుపివకెయిన్ గుండెను ఆపివేయగలదని, ఆగిన గుండెను మళ్ళీ నడిపించటం చాల కష్టమని 1979లో హెచ్చరిక వెలువడింది. 1998లో అమెరికాలో గై వైన్‌బర్గ్, ఆయన సహచరులు నోటితో తినలేని రోగులకు సిరలో ఎక్కించే క్రొవ్వు ద్రావణం, బ్యుపివకెయిన్ విషమెక్కిన ఎలుకలను బ్రతికిస్తుందని చూపారు. 2006లో ఆ ద్రావణంతో ఆగిన గుండె తిరిగి కొట్టుకున్న మనిషి ఉదంతం ప్రకటితమైంది. నాడీ నిరోధాలు చేసే చోట ఆ తెల్లని సీసా దగ్గర ఉంచుకోవటం నేడు నియమం.

ఇరవై ఒకటవ శతాబ్దిలో ఈ వైద్యుల చేతికి ధ్వని కన్ను దొరికింది. గర్భంలోని శిశువును చూపే అతిధ్వని యంత్రమే సూది మొనను, ఊపిరితిత్తి పొరను, మందు వ్యాపించటాన్ని తెరమీద చూపుతుంది. సూది వెన్నెముక నుంచి దూరంగా, పైపైకి రాసాగింది. 2013లో బ్లాంకో, ఆయన సహచరులు చంక దిగువనున్న రంపపు పళ్ళ ఆకారపు కండరం వద్ద మందు ఎక్కించే పద్ధతిని వివరించారు. 2016లో కెనడాలో ఫొరెరో, ఆయన సహచరులు వెన్నును నిటారుగా నిలిపే కండరం క్రింద, వెన్నుపూస ప్రక్క కొమ్ము మీద మందు వదిలే పద్ధతిని ప్రకటించారు. సూది ఎముకను తాకి ఆగుతుంది కనుక ఊపిరితిత్తికి అపాయం తక్కువ. ఎముకకు ఇవతల వదిలిన మందు ఆవలనున్న నాడిని ఎలా చేరుతుందన్నది మాత్రం ఇంకా వాదంలోనే ఉన్నది. శవపరీక్షలలో రంగు ఒకసారి లోపలికి ప్రాకినట్లు, మరొకసారి ప్రాకనట్లు కనిపిస్తున్నది. అయినా రోగులకు ఉపశమనం కలుగుతున్నది. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే రొమ్ము శస్త్రచికిత్సలకు వెన్నెముక ప్రక్క నిరోధాన్ని గాని, ఈ క్రొత్త పద్ధతిని గాని మొదట ఎంచుకోవచ్చునని 2022లో ప్రకటించిన ఒక అంతర్జాతీయ నిపుణుల సూచన చెబుతున్నది.

ప్రక్కటెముకలను ఎడం చేసే ఇనుప పరికరం కింద నలిగిన నాడి కొందరిలో గాయం మానాక కూడా నెలల తరబడి సలుపుతుంది. మూడు రోజుల నిరోధం ఆ సలుపును ముందే ఆపగలదా అన్న ప్రశ్నకు పరీక్షలు ఏకకంఠంతో జవాబివ్వటం లేదు. మొదటి మూడు రోజుల విషయంలో అంత సందిగ్ధం లేదు. మరునాటి ఉదయం మంచం దగ్గరకు వచ్చిన వైద్యుడు, కదలకుండా పడుకున్న రోగిని “నొప్పి ఎట్లా ఉంది?” అని అడిగి ఊరుకోడు. లేపి కూర్చోబెట్టి, గాయం మీద ఒక తలగడ ఒత్తి పట్టుకోమని, “ఏదీ, గట్టిగా ఒకసారి దగ్గండి” అంటాడు.